గంటు ఎత్తు

ఏప్రిల్ నెలాఖరు. అకితా కొండల్లో
మంచు మోకాటి లోతుకి దిగింది.
అటవీ కార్యాలయం నాకిచ్చినవి
ఒక టేపు, ఒక పెన్సిలు, గళ్ళ కాగితాలు.
జంతువు పేరు. గుర్తు ఎత్తు. ఎంత పాతది.
చెప్పేవాడు తోకుజి.
డెబ్భై ఆరేళ్ళు, తుపాకీ వదిలేసి తొమ్మిదేళ్ళు.
రాసేదాన్ని నేను.

మొదటి చెట్టుకే తప్పాను.
లేత కొమ్మల కొసలు కత్తితో కోసినట్టు
ఏటవాలుగా తెగి ఉన్నాయి,
నా నెత్తికి జానెడు పైన.
జింక, అన్నాను.
కుందేలు, అన్నాడు.
నిలువెత్తు కుందేలా అని నవ్వబోతుంటే
చేతికర్రతో గాలిలో అడ్డంగా ఒక గీత గీశాడు,
నా తల మీదుగా.
"ఫిబ్రవరిలో నేల ఇక్కడుండేది."

ఆ తర్వాత కాసేపు నోరు మెదపలేదు.

మణికట్టంత మొక్క, ఒక పక్క బెరడు పీచులు లేచి:
కమోషికా కొమ్ములు రాసుకుంది.
మేకా కాదు, జింకా కాదు, రెండింటి మొహమూ దానిదే.
కంటి కింద ఊరే జిగురు కూడా పూసి పోయింది.
వాసన చూడమన్నాడు. చూశాను.
పుల్లగా, మూత పెట్టి మరిచిన సీసాలా.

దేవదారుకి మొదలు నుంచి పైకి
పట్టీలు పట్టీలుగా తోలు ఒలిచేశారెవరో.
తెల్లటి ఒంటి మీద దువ్వెన పళ్ళ గీతలు.
ఇది నాకు తెలుసు. ఎలుగు, అన్నాను.
ఆయన తలూపాడు.
ఆ ఒక్కటే నా ఖాతాలో పడ్డది.

మధ్యాహ్నానికి బునా చెట్ల అడవి.
ఒక్కో మాను చుట్టూ మంచు గుండ్రంగా కరిగి
పాదు చేసినట్టుంది.
నున్నటి బూడిద చర్మం మీద ఐదు నల్లటి చాళ్ళు,
నా రెండు అరచేతులు పరిచినా చాలని వెడల్పు.
"పెద్ద ఎలుగు. చాలా పెద్దది," అని రాసేశాను.
పెన్సిలు లాక్కుని రబ్బరు వైపుతో చెరిపాడు.
"పిల్ల. తల్లి వెనక మొదటిసారి ఎక్కింది.
ముప్ఫై ఏళ్ళ మాట.
పంజా పెరగలేదమ్మా,
మాను లావెక్కి గీతల్ని సాగదీసింది."
మరి ఎత్తు?
"ఎత్తు మారదు. చెట్టు పొడుగయ్యేది కొసన.
గాటు పడ్డది పడ్డచోటే."

గట్టు మలుపులో ఆగాడు.
నా కాగితంలో లేని చెట్టు.
కత్తివేటు గంటు ఒకటి, పెదవులు ఉబ్బి,
లోపల నాచు పట్టి.
"నాన్నది. దారి మరవకుండా
భుజమెత్తులో ఒక్క వేటు వేసేవాడు.
మునివేళ్ళ మీద లేచినా అందేది కాదు నాకు.
గుమ్మం దాటితే తల వంచేవాడు,
అంత మనిషి."

మంచు మీద నిలబడి కొట్టాడేమో, అన్నాను,
కుందేలు పాఠం గుర్తొచ్చి.
"పుట్టగొడుగుల కాలం. సెప్టెంబరు."
అంటూనే పాదులోకి దిగి మానుకి ఆనుకున్నాడు.

వయసుకి కుంగిన ఆ భుజానికి కూడా
బెత్తెడు కిందనే ఉంది గంటు.

టేపు తియ్యమన్నాడు.
నూట ఇరవై ఒకటి.
మళ్ళీ తియ్యమన్నాడు.
నూట ఇరవై ఒకటి.
మూడోసారి తనే చదివాడు, కళ్ళద్దాలు పైకి తోసి.
ఒక్క వేటుకి పడ్డ సన్నటి చీలిక
ఇప్పుడు ఆయన చెయ్యి మొత్తం పట్టేంత.
పట్టించి కాసేపు అలాగే ఉంచాడు.

జంతువు పేరు గడి ఖాళీగా వదిలి
ఎత్తు రాసుకున్నాను.

దిగేటప్పుడు దారికి అడ్డంగా ఒక కొమ్మ,
ఆయన టోపీకి మూరెడు పైన.
తల వంచి దాటాడు.