ఇరవై రెండు లోడ్ల మట్టి

మా ఊరి టెన్నిస్ కోర్టు మూల
నేలలోంచి ఓ ఇనుప కడ్డీ
మోచెయ్యిలా వంగి పైకొస్తుంది.
పిల్లలు దానికి సైకిళ్లు కట్టేస్తారు.
చరిత్ర పోటీకి ఏం రాయాలో తోచని మార్లిస్
కిందపడ్డ తాళంచెవి కోసం వంగి చూసిందట:
కడ్డీ మొదట్లో ఒక మెట్టు,
దాని కింద ఇంకో మెట్టు అంచు.

"మెట్లు మట్టిలోకి ఎందుకు దిగుతున్నాయి సార్?"

ఇరవయ్యేళ్లుగా ఇలినాయ్‌లో చరిత్ర చెబుతున్నాను.
రోజూ ఆ పక్కనుంచే నడిచొస్తాను.
తెలీదన్నాను.
ఆ ఏడాది నేను చెప్పిన వాటిలో
పనికొచ్చింది ఆ ఒక్క మాటే.

చలికాలమంతా టౌన్ హాలు నేలమాళిగలో
తీర్మానాల పుస్తకాలు తిరగేసింది.
ఈతకొలను: మరమ్మతుల నిమిత్తం మూసివేత.
మరుసటేడూ మరమ్మతే. తొమ్మిదేళ్లు మరమ్మతే.
"ఈ మాట ఇంత పొడుగని తెలీదు సార్" అంది.

ఎర్నెస్టీన్ టాలివర్‌కి అప్పుడు పద్నాలుగేళ్లు.
నల్లపిల్లలకి కంచె అవతలే చోటు.
క్లోరిన్ వాసనే ఆవిడకి ఎండాకాలం.
"అందరినీ రానివ్వమని మంగళవారం కోర్టు చెప్పింది,
శుక్రవారానికి లారీలొచ్చాయమ్మా."
పేపర్లో చూస్తే గురువారం!
పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది,
ఆవిడ అబద్ధమాడిందా అని.
రెండూ రాయి, అన్నాను.
దేన్ని నమ్ముతున్నావో, ఎందుకో, అదీ రాయి.

ఆ తర్వాత బిల్లు దొరికింది.
మట్టి, ఇరవై రెండు లోడ్లు.
కింద సంతకం: రాయ్ కెసింగర్.
వాళ్ల తాత.

రెండ్రోజులు బడికి రాలేదు.
మూడోరోజు పదిహేడో నంబరు ఫుట్‌నోటుతో వచ్చింది.
"అడిగాను సార్.
లోడుకి నాలుగు డాలర్లు, ఇంట్లో ముగ్గురు పిల్లలు, అన్నాడు.
ఇంకేం అనలేదు.
ఆ అనకపోవడాన్ని ఎలా రాయాలి?"

నా మార్కుల రిజిస్టర్లో
దీనికి గడి లేదు.

పోటీ రోజు కాలేజీ జిమ్ నిండా అట్టబోర్డులు.
బోర్డుకి ఐదువందల మాటలే, అది రూలు.
'దుర్మార్గం' అన్న మాట కొట్టేసి
ఆ ఖాళీలో బిల్లు తేదీ వేసింది.
"నీకెలా తెలుసు?" అన్నాడు జడ్జి.
తడుముకోలేదు. పేజీ తీసి చూపించింది.

నాలుగో స్థానం. పతకాలు ముగ్గురికే.

అందరూ వెళ్లాక
ఎనభయ్యారేళ్ల మనిషి ఒకాయన బోర్డు ముందు నిలబడి
పెదాలు కదుపుతూ చదివాడు.
పదిహేడు దగ్గర వేలు ఆగింది.

"ఇరవై రెండు కాదు. ఇరవై మూడు.
ఒకదానికి డబ్బివ్వలేదు."

మార్లిస్ పెన్సిల్ తీసింది.
"ఆ మట్టి ఎక్కడ తవ్వావు, తాతా?
ఎక్కడో ఒకచోట
అంత గొయ్యి ఉండాలి కదా."