పదకొండో గదిలో చలి

ఇరవై రెండేళ్ళుగా ఈ బడిని వెచ్చగా ఉంచడమే నా కొలువు.
బాయిలరు దగ్గినా, గొట్టం మూలిగినా
ఏ గదిదో నిద్రలోనే పోల్చుకుంటాను.
నవంబరులో ఒక మధ్యాహ్నం పదకొండో గదికి
ఐసు మధ్య ఒదిగి రెండు వందల ట్రౌట్ గుడ్లొచ్చాయి.
జొన్నగింజంత ఒక్కోటి, కమలాతొన రంగు,
ఒక్కో గింజలో రెండు నల్లచుక్కలు.
"కళ్ళు" అంది టీచరమ్మ హ్రబోవ్‌స్కీ.
ఇంకా ఒళ్ళు రాలేదు,
చూపు వచ్చేసింది.

ట్యాంకు చుట్టూ థర్మాకోలు పలకలు కట్టారు.
వాటికి చీకటి కావాలట, చలి కావాలట.
ఈ పిల్లల దగ్గరికి రాకుండా
నేను ఇన్నేళ్ళూ తరిమికొట్టినవే, రెండూ.

పనులు పంచుకున్నారు.
థర్మామీటరు కోల్టన్‌కి, నీళ్ళు మార్చడం కవలలకి.
ఎవరూ చెయ్యెత్తని పని ఒకటి మిగిలింది:
తెల్లబడిన గుడ్డును తీసెయ్యాలి,
లేకపోతే దాని బూజు పక్కదానికి పాకుతుంది.
యారిట్జా లేచింది.
డొమినికన్ సముద్రపొడ్డు నుంచి కిందటేడే
ఈ పెన్సిల్వేనియా బొగ్గుకొండల్లోకి వచ్చిన పిల్ల,
మాటకు ముందు రెండుసార్లు గుటక మింగే పిల్ల.
డ్రాపరుతో ఒక్కోదాన్నీ పీల్చి, సాసర్లో పెట్టి,
చార్టు మీద రాసేది: నాలుగు. ఏడు. ఇవాళ పదకొండు.
కాస్త తగ్గించి రాయొచ్చుగా, అన్నాడు కోల్టన్.
ఆ పెన్సిలు ఆగలేదు.

మా తాత కూడా అంకెలు రాసినవాడే,
గనిలోకి దిగినవాళ్ళు ఇందరు,
పైకొచ్చినవాళ్ళు ఇందరు అని.
రెండూ కలవని రోజు ఇంటికొచ్చి
బూట్లు విప్పకుండా కూర్చునేవాడు.

ఫిబ్రవరి. శనివారం రాత్రి.
నీళ్ళు చల్లబరిచే యంత్రం ఒక్కసారి గుర్రుమని ఊరుకుంది.
అప్పటికే అవి గుడ్లు కావు,
పొట్టకింద కట్టుకొచ్చిన సద్దిమూట తిని ముగించి
పైకి ఈదడం నేర్చిన కూనలు.
నీళ్ళు ఒక్కో డిగ్రీ ఎక్కుతున్నాయి.
టీచరమ్మ ఫోనెత్తలేదు.
బయట మోకాలిలోతు మంచు.
నా కొలువును నేనే తిరగేశాను:
రేడియేటరు కట్టేశాను, మూడు కిటికీలూ తెరిచాను,
సోడా సీసాల్లో మంచు కూరి, మూతలు బిగించి తేల్చాను,
కరిగినవి తీసి, కొత్తవి దింపి,
వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడంటూ
తెల్లారేదాకా, ఆపై ఆదివారం మొత్తం.

సోమవారం పిల్లలు కోట్లు విప్పకుండా కూర్చున్నారు.
తొమ్మిదో ఎక్కం
నోళ్ళలోంచి పొగలు పొగలుగా వచ్చింది.
ఒక్కరూ కిటికీ మూయమనలేదు.
ఆ రోజు గడిలో యారిట్జా రాసింది: మూడు.
రాసి నా వంక చూసింది.
అది మెప్పో ఫిర్యాదో
ఇప్పటికీ తెలియదు.

మే నెల. ఊరి కింద వాగు.
నా చిన్నప్పుడు గని కడుపులోని తుప్పంతా కక్కుకుంటూ
ఎర్రగా పారేది.
అందులో పడిన బంతిని కూడా వదిలేసి వచ్చేవాళ్ళం.
ఎగువన సున్నపురాయి మడుగులు తవ్వి పదిహేనేళ్ళు.
రాళ్ళకింకా ఆ రంగు వదల్లేదు,
నీళ్ళకు వదిలింది.

కాగితం కప్పుకొక చేప.
పేర్లు పెట్టొద్దని ముందే చెప్పారు. అందరూ పెట్టారు.
కప్పు వంచేటప్పుడు పెదాలు కదిలాయి.
అరవై ఒకటి, అంది టీచరమ్మ.
అరవై రెండు, అంది యారిట్జా.
మళ్ళీ లెక్కపెడదామంటే
వాగు ఒక్కదాన్నీ చూపించలేదు.

ఆ సాయంత్రం ట్యాంకు ఖాళీ చేస్తుంటే
వడపోత గొట్టం వెనక, చిటికెనవేలంత,
నన్ను చూసి పక్కకు జరిగింది.

కాఫీ ఫ్లాస్కు మూడుసార్లు తొలిచి, ట్యాంకు నీళ్ళే నింపి,
ముందు సీట్లో పెట్టి బెల్టు కట్టాను.
రేపు ఆ పిల్లకు చెప్పాలి.
వాగు దగ్గర ఎవరూ లేరు.
ఫ్లాస్కు వంచితే అది మూతి దగ్గరే ఆగిపోయింది,
ఇంకా మిగిలిన కాఫీ వాసనకేమో.
"పో," అన్నాను,
"బయట చల్లగా ఉంది."