పాదాల పద్దు

మా ఊరిది తోలు వాసన.
వాన పడితే ఇంకాస్త ఎక్కువ.
ఏటి ఒడ్డున సున్నపు తొట్లలో పచ్చితోళ్లు నానుతుంటే
పరాయివాడు ముక్కు మూసుకునేవాడు.
మాకేమో పొరుగూరెళ్తే ఊపిరాడేది కాదు.

ఇప్పుడు తొట్లు లేవు, ఫ్లాట్లు కట్టారు.
రెజిమెంటూ లేదు.
మొదట పక్క కౌంటీ వాళ్లతో కలిపారు,
ఆ ఇద్దర్నీ తర్వాత ఇంకో ఇద్దరితో.
కలిపినప్పుడల్లా టోపీ బిళ్ల మీద మా దుప్పి కొమ్ములు
కాస్త కాస్త కురచయ్యాయి,
ఆఖరికి బొత్తాం మీద కూడా చోటు దొరకలేదు.

మిగిలింది డ్రిల్ హాలు మేడ మీద రెండు గదుల మ్యూజియం,
మంగళ, శుక్రవారాల్లో తాళం తీసే నేను,
మ్యూరియల్ టెబట్,
మోకాళ్ల నొప్పులతో సహా.

అద్దాల బీరువాల్లో చూపించదగ్గవన్నీ ఉన్నాయి.
కర్నలుగారి ముక్కుపొడుం డబ్బీ.
తూటా తగిలి వంగిన చెంచా.
ముట్టుకుంటే పిండిలా రాలే పట్టుజెండా,
దాని మీద బంగారు దారంతో, గెలిచిన ఊళ్ల పేర్లు.
చిన్నప్పుడు వాటిని ఎక్కాల్లా అప్పజెప్పేదాన్ని.
ఆ ఊళ్లలో ఎవరో కాపురం ఉండేవారని
యాభై దాటాక గాని తట్టలేదు.

నేను చూసేది కింది సొరుగు.
మా ముత్తాత ఒబదయా, రెజిమెంటుకు బూట్లు కుట్టినవాడు,
రాసిపెట్టిన పద్దు అందులో ఉంది.
యుద్ధాల తేదీలుండవు. పాదాలుంటాయి.
కాగితం మీద కాలు పెట్టించి, చుట్టూ పెన్సిలు తిప్పి,
పక్కన రెండు ముక్కలు:

గేజ్. ఎడమది పెద్దది. చెబితే ఒప్పుకోడు.
పెటిఫర్. మడమ మీద కాలిన మచ్చ. అక్కడ మెత్తటి తోలు.
డ్రేజ్ అన్నదమ్ములు. ఒకటే కొలత, ఒకసారి గీస్తే చాలు.
బేకరీ కుర్రాడు. పందొమ్మిది అన్నాడు.
కాలు ఇంకా పెరుగుతోంది. వేళ్ల ముందు అంగుళం వదిలాను.

ఆ అంగుళం దగ్గర నేనెప్పుడూ ఆగుతాను.

తర్వాతి పేజీల్లో గీతలు లేవు.
ఆరు, ఏడు, ఎనిమిది, అంకెలే.
ఫ్యాక్టరీ నుంచి పెట్టెలకు పెట్టెలు.
మనిషికి బూటు వెతికిన రోజులు పోయి
బూటుకు మనిషిని వెతికే రోజులొచ్చాయి.

మొన్న శుక్రవారం ఒకాయన వచ్చాడు,
డెంజిల్ పెటిఫర్, లారీ నడుపుతాడట.
వాళ్ల ముత్తాతకు ఫోటో లేదు, సమాధి లేదు,
సుద్దరాతి గోడ మీద పేరుంది, అదీ తప్పుగా చెక్కారు.
ఇంకేమైనా ఉందా అన్నాడు.

పద్దు ముట్టుకోనివ్వకూడదు. రూలు.
పల్చటి కాగితం మీద గీత దింపి నేల మీద పరిచాను.
మేజోడుకు చిల్లుందని సిగ్గుపడుతూ విప్పి
కాలు పెట్టాడు.
సరిపోలేదు. రెండు వేళ్ల మందం బయటికొచ్చింది.
"మా అమ్మ వైపు కాళ్లు" అని నవ్వాడు.
కాలు మాత్రం తియ్యలేదు.
కింద పార్కింగ్ టైము అయిపోతోందని నేనే గుర్తుచేశాను.

ఆయన వెళ్లాక జెండా ముందు నిలబడ్డాను.
ఆ ఊళ్లలో పొగలోంచి పరిగెత్తిన పాదాల కింద
ఎవరు కాగితం పరిచారు?
మా ముత్తాత తోలే వాటి వెంటపడింది.
మేకులు ఒక్కటీ ఊడలేదని కర్నలు మెచ్చుకున్న ఉత్తరం
ఇక్కడే ఉంది, ఫ్రేము కట్టి.
ప్రతి మంగళవారం దాని దుమ్ము తుడుస్తాను.
ఇవాళా తుడిచాను.

బయట వాన. ఎక్కణ్ణుంచో తోలు వాసన,
పద్దులోంచేనేమో.
సొరుగు నెట్టాను. పూర్తిగా మూసుకోదది, చెక్క ఉబ్బింది,
కొంచెం సందు మిగిలిపోతుంది.
నేనూ బలవంతం చెయ్యను.