సూర్యుడాగిన రోజు పనిగంటలు

అహ్మదీలో నా ఉద్యోగం రాళ్ళకు చీటీలు అంటించడం.
మూడు కిలోమీటర్ల లోతున కోసి తీసిన రాయి
రోకలి మందాన, పెట్టెలో పడుకుని వస్తుంది.
బావి నంబరు, లోతు, తేదీ రాసి అరలో పెట్టాలి.
అంతకు మించి చదవడం నా పని కాదు.

కానీ అంటించేటప్పుడు బొటనవేలికి గవ్వ తగులుతుంది.
మెంతిగింజంత గవ్వ. దాని మీద ఇంకోటి.
ఇసుక తప్ప ఏమీ లేని ఈ ఊరి కింద
ఒక సముద్రం తీరిగ్గా చచ్చిపోయింది,
నలభై రోజుల్లో మాత్రం కాదు.
పెట్టె మీది అంకెలో సున్నాలు లెక్కపెట్టి
తప్పు పడిందేమోనని నదీమ్‌ని అడిగాను.
లేదన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం అదే బొటనవేలితో
పిల్లలకు ఆదికాండం పేజీ తిప్పుతాను.
గుడి వెనక గది. ఏసీ నీళ్ళు బకెట్లో పడుతుంటాయి.
పదకొండు మంది పిల్లలు, గోడకి ఓడ బొమ్మ.
ఒంటెకి రెండు మూపురాలు వేశారని గొడవ గొడవ చేశారు.
మిగతా ఏదీ ఎవరూ అడగలేదు.
అడక్కపోతే బాగుణ్ణని నేనూ గబగబా పేజీ తిప్పాను.

అడిగింది లూర్దమ్మ.
సల్వాలో ఒకరింట్లో వంట చేస్తుంది.
నెలకోసారి తెలుగు పూజకని వదులుతారు,
ముందే వచ్చి పిల్లల కుర్చీలో కూర్చుంటుంది,
వాచిన పాదాలు చెప్పుల్లోంచి తీసి, నేల చల్లదనం మీద ఆనించి.
ఆరోజు యెహోషువ కథ.
యుద్ధం ముగిసేదాకా సూర్యుడు ఆకాశంలో ఆగిపోయాడని చెప్పాను.

"శౌరీలు తమ్ముడూ, పొద్దు గుంకకపోతే
మరి ఆరోజు పనోళ్ళని ఎవరు పడుకోనిచ్చారు?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు.
ఆ ఇంటి వంటగదికి కిటికీ లేదు.

నా దగ్గర జవాబులు రెండే ఉన్నాయి.
సూర్యుడు మొదట్నుంచీ ఆగే ఉన్నాడన్నది తొమ్మిదో తరగతి సైన్సుది.
దేవుడికి అన్నీ సాధ్యమేనన్నది మా ఉపదేశి రాయప్ప గారిది,
బెత్తంతో సహా.
ఆవిడ అడిగింది వేరే.

పాపసంకీర్తనంలో చెప్పాను:
"ఓడ జరగలేదనిపిస్తోంది ఫాదర్. సూర్యుడూ ఆగలేదు.
ఆ చేప కడుపు సంగతి కూడా..."
ఆయన మంగుళూరు మనిషి. బయట వందమంది లైన్లో ఉన్నారు.
"ఎవరినైనా తలుపు దగ్గర్నుంచి పంపేశావా?" అన్నారు.
లేదన్నాను.
కాసేపాగి, ఒకసారి, అన్నాను.
"అది చెప్పు ముందు."

వీసా లేని కుర్రాడు, కరీంనగర్ వైపు మాట.
రాత్రి రెండింటికి మా గది తలుపు తట్టాడు.
ఆరుగురం ఉన్నాం లోపల.
ఆరుగురమూ నిద్ర నటించాం.
అతని చెప్పుల చప్పుడు మెట్లు దిగేదాకా
నేను గురక కూడా పెట్టాను.

మూడు మంగళవార్త జపాలు విధించారు.
నాకు తక్కువనిపించింది.

ఓడని నమ్మనివాడికి అప్పం ఎలా గొంతు దిగుతుందని
ఎవరూ అడగలేదు, నేనే అడుక్కున్నాను.
ఆ పల్చటి బిళ్ళ నాలుక మీద మెత్తబడేటప్పుడు
"ఇది నా శరీరము" అన్న మాటని
ఉపమానం అనబుద్ధి కాదు.
సున్నాలు లెక్కపెట్టిన వేలు ఇక్కడ పనిచేయదు.
ఎందుకో తెలిస్తే చీటీ రాసి అంటించి
నేనూ ఒక అరలో పెట్టేవాణ్ణి.

పూజ అయ్యింది.
లూర్దమ్మ ఫోన్ చూసుకుంది, నాలుగు మిస్డ్ కాల్స్.
చెప్పులు సరిగా తొడుక్కోకుండానే బస్సుకి పరుగు.
ఆవిడ వెనక, బావుల దగ్గరి మంట పక్కన,
యెహోషువ మాట వినని సూర్యుడు
టైముకి గుంకుతున్నాడు.

సర్వేశ్వరునికి కృతజ్ఞతలు.