ఏడో గడి

షెడ్డులో కాయితాలు పంచినారు:
"పనిలో మీరు కనిపెట్టిన కొత్త పద్ధతి రాయండి."
ఆరు గడులు నింపినా.
ఏడోదాని కాడ పెన్ను ఆగింది.
"ఆలోచన ఎవరిది?"
గడి నా బొటనవేలంత ఉండాది.

ముప్పై ఏండ్లు గుంతకల్లులో డీజిలింజన్లు చూసినా.
స్క్రూడ్రైవరు మొన ఇనుముకు, పిడి చెవికి ఆనించి
ఏ సిలిండరు దగ్గుతాందో చెప్పేవాణ్ణి.
నేర్పింది ఉరుకుందప్ప మేస్త్రీ.
తప్పు చెప్తే చెవి మెలేసేవాడు,
వినే చెవినే.

తర్వాత కరెంటింజన్లు వచ్చినాయి.
మసి లేదు, దగ్గు లేదు.
తెర మీద ఎర్రక్షరాలు వెలిగి ఆరిపోతాయి.
యాభై మూడేండ్లకు నన్ను మళ్ళా బెంచీ ఎక్కించినారు,
అద్దాలు మరిచిపోయినందుకు ముందు వరసలో.
పక్కన నా బిడ్డ ఈడు అప్రెంటిసు, షంషాద్.
ఇన్వర్టరును "ఇన్వటరు" అని రాసుకుంటే
అక్షరం దిద్దింది, నవ్వలేదు.
ఆ నవ్వకపోవడం నాకింకా గుర్తుంది.

ఒక ఆదివారం సంతలో మా సుంకులమ్మ
కడవల్ని వేలి కణుపుతో కొట్టి కొట్టి చూస్తాంది.
మూడోది పక్కన పెట్టేసింది.
పగులు యాడుందే అంటే
"కంటికింకా రాలేదు. వచ్చేలోపల నీళ్ళు పోతాయి" అనింది.

సోమవారం పాత స్క్రూడ్రైవరు బయటికి తీసినా.
కరెంటింజన్లోనూ తిరిగేవి ఉండాయి కదా,
గాలి కొట్టే బ్లోయరు, దాని బేరింగు.
తెర మీద ఏమీ లేదు.
లోపల మాత్రం ఎవరో ఇసుక నములుతాండారు, సన్నగా.
చెప్తే నమ్మలేదు. విప్పితే
గోళీ ఒకటి పొక్కులు పోయుండాది.
షంషాద్ ఇంకో బండి చప్పుణ్ణి ఫోన్లో పట్టి
గీతలు చేసి చూపించింది.
గీతలు చదివేది నాకింకా రాదు.
అద్దాలు మార్చుకొని మళ్ళా కూచోవాల.

ఏడో గడిలో ఎవర్ని రాసేది?
పోయిన మేస్త్రీనా? సుంకులమ్మనా?
ఆ కడవలమ్మినాయన పేరు నాకు తెలీనే తెలీదు.
ఖాళీగా ఇచ్చేస్తే సూపర్వైజరు తిప్పి పంపినాడు.

రాత్రి షిఫ్టు.
షంషాద్ పిడి చెవికి ఆనించి కండ్లు మూసుకుంది.
"ఏం వినపడ్తాంది?"
"ఏం లేదు సార్. ఊరికే తిరగతాంది."
"ఆ ఊరికే తిరిగేదాన్ని బాగా విను మొదట" అన్నా.

అవతల ప్లాట్‌ఫారం మీద ఏదో బండి వచ్చింది, పోయింది.
ఆ పాప కదల్లేదు.
కాయితం నా జేబులోనే ఉండాది,
చెమటకు మెత్తబడి.