ఐదడుగుల లోతు

బోర్ల మెకానిక్‌ని నేను.
ఈ ఊరి మన్ను ఏ లోతుల ఏ రంగుంటదో
నా చేతులకు ఎరుక.
మొదలు ఎర్రది, పదడుగులకు మొరం,
ఆ కింద రాయి, రాయి, రాయి.
ఎనిమిది వందల ఫీట్లకు గానీ తడి తగలదు.

గ్రామసభల అన్నరు గదా,
పీనుగలు పాతితే నీళ్లు ఖరాబైతయని.
అన్నది సైదులు.
నడుము వంగి, మెడ తిరగక,
మనిషంతా మర్లి సర్పంచు దిక్కు చూసి అన్నడు.
నలభయ్యేండ్లు ఈ నీళ్లే తాగినోడు.
ఎవలూ నవ్వలే. నేను గూడ.

అండాలమ్మ అడిగింది పెద్దదేం గాదు.
ముప్పయ్యేండ్లు సూదులేసిన నర్సమ్మ,
తన ఎకరం పది గుంటల చెల్క
ఊరికి రాసిస్తనన్నది.
పెట్టె వద్దు, సిమెంటు గద్దె వద్దు,
పేరు చెక్కిన బండ వద్దు.
నూలుగుడ్డల చుట్టి పండవెట్టి
మీద ఒక మొక్క.
ఏ కులమోళ్లయినా
వరుసల ఎక్కడ జాగుంటే అక్కడ.

ఆ ఆఖరి మాట కాడనే
కుర్చీలు కిర్రుమన్నయి.
కానీ ఎవలూ ఆ మాట ఎత్తలే.
నీళ్లన్నరు. వాసనన్నరు. నక్కలు తోడుతయన్నరు.
గజం ధర సగానికి పడతదని
వెంచర్ల దశరథం లెక్కలు చెప్పిండు.
పోయినేడు పాత బొందలగడ్డను చదును జేసి
ప్లాట్లు గీసింది ఆయన్నే.
వెనుకనుంచి ఒక ముసలామె,
"మా అత్తను మేం చెల్కల్నే పెట్టినం గదా,
గిప్పుడు గిది కొత్తనా?" అన్నది.
ఆమె చేతికి మైకియ్యలే.

కాయితం నా ముంగటికొచ్చింది.
ఒక్క మాట చెప్తే అయిపోవు:
గుంత ఐదడుగులు, నీళ్లు ఎనిమిది వందలు,
నడుమ ఉన్నదంతా రాయేనని.
కాయితం మీది పేర్లన్నీ నా గిరాకీలే.
సంతకం పెట్టిన.

అండాలమ్మ నా దిక్కు చూసింది. ఏమనలే.

పద్దెనిమిదేండ్ల కింద, ముసురుల,
ఏడో నెలకే పుట్టి ఏడ్వని పిల్లను
నా చేతులనుంచి తీసుకున్నది ఆమెనే.
బొందలగడ్డ వాగవతల. వాగు నిండుగ వస్తుండె.
తన చెల్క మూలకు తనే తవ్వింది.
నేను బ్యాటరీ పట్టిన.
ఐదడుగులు గూడ గాదు, అంత చిన్నది.

అక్కడిప్పుడు సీతాఫలం చెట్టున్నది.
దసర ముంగట కాయలు కండ్లు విచ్చుతయి.
గంపలకెత్తి చండూరు సంతకు తీస్కపోతరు.
సర్పంచింట్ల తిన్నరు, దశరథం పిల్లలు తిన్నరు,
సైదులు గింజలు ఊసుకుంట
గీ తీపి ఇంకో చెట్టుకు లేదన్నడు.

మా ఇంట్ల మేమిద్దరం తినం.
ఎందుకని
ఇంతవరకు ఎవలూ అడుగలే.