కొసరు

బస్టాండు ముందర లాడ్జిల
పద్దెనిమిదేండ్లసంది కూసుంటున్న.
వచ్చినోళ్లు సబ్బడుగుతరు, వేడినీళ్లడుగుతరు,
రెండోనాడు పొద్దుగాల్ల అందరడిగేది ఒక్కటే:
"ఈడ ఏం కొనాలె? ఏడ కొనాలె?"

నాకు నోటికొచ్చు.
బట్టలకు క్లాక్ టవర్ కాడికి పో.
మొదటి దుకాణం వద్దు, అద్దాలెక్కువ,
ఆ అద్దాల పైసలు చీరెల మీదనే పడుతయి.
నారాయణపేట చీరంటె అంచు మలిపి ఎనుకదిక్కు చూడు,
కత్తిరిచ్చిన పోగులు యాలాడుతుంటె
దండం వెట్టి లేసి రా.
చెప్పులకు మాత్రం నన్నడగకు.
మా బామ్మర్దికి దుకాణమున్నది,
అబద్ధమాడాల్సొస్తది.

పోయిన సీతాఫలాల కాలంల
రోసియో వచ్చింది.
లీమా అంట ఊరు. సముద్రం, దానవుతల ఇంకో సముద్రం.
పల్లీ విత్తనాల పరీక్షకొచ్చి
నూట ఏడో నంబర్ల దిగింది.
రిజిస్టర్ల రాద్దామంటె ఇంటిపేర్లే రెండు,
గడి సాలలే.
రోసమ్మ అని రాసుకున్న.

ఆమె గూడ గదే అడిగింది.
ఆమె ఇంగ్లీషు సగం, డ్రైవర్ ఇద్రీస్ ఉర్దూ సగం,
మిగిలింది చేతులు.
"మా దగ్గర లేనిది, మీ దగ్గరనే ఉన్నది
ఒక్కటి కావాలె."
గదెంత పని, నడువుమన్న.

మిరపకాయల రాశి చూపిచ్చిన.
"మాది" అన్నది.
ఆలుగడ్డ.
"మాది. మా కొండల మీద ఎన్ని రకాలో లెక్కలేదు."
టమాట చూసి ఉత్తగనే నవ్వింది.
మక్కకంకి కాడ జర ఆలోచన చేసి
"మా పక్కింటోళ్లది" అన్నది.
పల్లికాయ కుప్ప మీదనైతె
మేనకోడలి తలకాయ నిమిరినట్టు
చెయ్యి వెట్టి తియ్యలే.

నాకు పంతమొచ్చింది.
బాలనగర్ సీతాఫలం తెచ్చి చేతిల వెట్టిన.
"పేర్లనే సీతమ్మున్నది తల్లీ,
ఇదెట్ల మీదైతది?"
కండ్లు మూసుకొని తిన్నది.
గింజలన్ని అరచేతిలకు ఊంచుకొని చూసి
"దీని అక్క మా ఇంటెనుక ఉంటది" అన్నది.

గొంగడి కాడికి తీస్కపోయిన.
ఎండల కూసున్న కురుమ ముసలాయన లేసి
భుజం మీద కప్పిండు.
మడతల ముక్కు వెట్టి శానసేపు నిలవడ్డది.
ఏమో అన్నది.
ఇద్రీస్ దాన్ని తర్జుమా చెయ్యలే.
బేరం గూడ చెయ్యకుంట కొన్నది.

నేనోడిపోయినట్టేనా అనుకుంట మలిగినం.
దారిల మాసమ్మ గంప కాడ ఆగి
రెండు శేర్లు పల్లీలు కొన్నది,
గవే, తనవే!
మాసమ్మ సంచి నింపి చెయ్యి దులుపుకున్నది.
రోసమ్మ దోసిలి చాపింది. ఎనుకకు తియ్యలే.
"యాపా" అన్నది.
నాకు తెల్వలే. ఇద్రీస్‌కు తెల్వలే.
మాసమ్మ ఆమెను ఎగాదిగా చూసి
"ఓ, కొసరా!
గీ ముచ్చట ముందుగాల్నే చెప్పొద్దా బిడ్డా" అని
ఒక పిడికెడు పోసి,
నా దిక్కు చూసి,
ఇంకో పిడికెడు పోసింది.

రూం ఖాళీ చేసే పొద్దు నేనడిగిన:
నేనొస్తె మీ ఊర్ల ఏడ కొనాలె?
రసీదు ఎనుక పెన్సిల్‌తోని గీసింది.
ఈ గీతలన్ని బట్టల బజారు. ఈ సున్న చాపలు.
ఈ మూల కాడ
జేబు మీద చెయ్యి వెట్టుకున్న మనిషి.
ఒక దుకాణం మీద పెద్ద కొట్టివేత,
వాళ్లకు గూడ అద్దాలెక్కువున్నట్టున్నయి.
మూడు తావుల చిన్న దోసిలి బొమ్మ.

టేబుల్ అద్దం కింద వెట్టిన.
మొన్న గద్వాల నుంచొచ్చిన గుమాస్తా ఒకాయన
సంతకం చేసుకుంట వంగి చూసి,
"కుర్మన్నా, ఈ బట్టల బజారు
పాలమూర్ల ఏడున్నదే?" అన్నడు.

పాన్ చౌరస్త దాటినంక
జర దూరమే అన్న.